విమ్ కమాండ్లు బట్టీ పట్టకండి, చేతికి అలవాటు చేయండి

నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ డిప్లొమా, బీటెక్, ఎంసీఏ చదివే పిల్లలు లినక్స్ షురూ చేసిన వారంలోపే ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: "అన్నా, విమ్ తెరుచుకుంది, ఇప్పుడు దీంట్లోంచి బయటికి ఎట్ల రావాలె?" విమ్ అంటే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, కీబోర్డుతోనే ఫైళ్లు రాసి దిద్దుకునే ఎడిటర్. జవాబు ముందే చెప్పేస్తాను. ఎస్కేప్ నొక్కండి, తర్వాత వరుసగా కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం గుర్తు, ఎంటర్. సేవ్ చేయని మార్పులన్నీ వదిలేసి బయటికి వస్తారు. సేవ్ చేసి రావాలంటే ఎస్కేప్, కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్. ఈ రెండూ వచ్చాయంటే సగం టెన్షన్ పోయినట్టే, ఎందుకంటే ఎక్కడ ఇరుక్కున్నా తప్పించుకునే దారి తెలుసు కాబట్టి ఇక ధైర్యంగా ఏ కీ అయినా నొక్కి చూడొచ్చు.

ఇంటర్నెట్‌లో దొరికే వంద కమాండ్ల పట్టికను ప్రింట్ తీసి గోడకు అంటించి, రోజుకు పది చొప్పున బట్టీ పట్టేవాళ్లను చాలామందిని చూశాను. వారం తిరిగేసరికి సగం మర్చిపోతారు, ఆ తర్వాత విసుగొచ్చి మౌస్‌తో నడిచే ఎడిటర్‌కి వెళ్లిపోతారు. విమ్‌లో నేర్చుకోవాల్సింది వంద విడివిడి కమాండ్లు కాదు. నాలుగైదు పనులు, పదీ పన్నెండు కదలికలు, వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టే పద్ధతి, అంతే. ఆ పద్ధతి ఒక్కసారి వేళ్లకు ఎక్కితే మిగతా కమాండ్లు మీరే తయారు చేసుకుంటారు.

మొదలుపెట్టే ముందు రెండు ముక్కలు. ఈ వ్యాసంలో కీల పేర్లు తెలుగులో రాస్తున్నాను. డీ అంటే ఇంగ్లీషు చిన్న అక్షరం డీ, పెద్దది కావాలంటే "క్యాపిటల్ డీ" అని ప్రత్యేకంగా చెబుతాను. "డీ డబ్ల్యూ" అంటే డీ నొక్కి వదిలేసి ఆ తర్వాత డబ్ల్యూ నొక్కడం, రెండూ కలిపి పట్టుకోవడం కాదు. కలిపి పట్టుకోవాల్సింది కంట్రోల్ గానీ షిఫ్ట్ గానీ ఉన్నచోట మాత్రమే. విమ్‌కి చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి.

ఎక్కడ నేర్చుకోవాలి

ఉబుంటు ఉంటే ముందు అసలు విమ్ వేసుకోండి: సుడో, ఏపీటీ, ఇన్‌స్టాల్, విమ్. ఇది ఎందుకు చెబుతున్నానంటే ఉబుంటులో ముందు నుంచీ ఉండే "వీఐ" చాలాసార్లు విమ్‌కే కుదించిన వెర్షన్. దాంట్లో టైప్ చేస్తూ బాణం కీలు నొక్కితే కర్సర్ కదలకుండా ఏ, బీ, సీ, డీ అక్షరాలు పడుతుంటాయి. కొత్తవాళ్లు కీబోర్డు పాడైందనుకుంటారు. కీబోర్డుకేం కాలేదు, పూర్తి విమ్ వేసుకుంటే ఆ బాధ ఉండదు. విండోస్ వాళ్లు గిట్ వేసుకున్నప్పుడు వచ్చే గిట్ బ్యాష్‌లో విమ్ ఎలాగూ ఉంటుంది, వేరే ఏదీ దించుకోనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది అనేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. వాళ్లకు టెర్మక్స్ ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో లినక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి దించుకుని, తెరిచి, పీకేజీ ఇన్‌స్టాల్ విమ్ అని కొడితే చాలు. ఫోన్ కీబోర్డులో ఎస్కేప్ ఎక్కడిది అంటారేమో, కీబోర్డు పైన టెర్మక్స్ తనే ఒక అదనపు వరుస చూపిస్తుంది, దాంట్లో ఎస్కేప్, కంట్రోల్ రెండూ ఉంటాయి. ఆ వరుస కనిపించకపోతే వాల్యూమ్ పెంచే బటన్ పట్టుకుని ఇంగ్లీషు అక్షరం ఈ నొక్కండి, అది ఎస్కేప్. వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్‌గా పనిచేస్తుంది. ఓటీజీ కేబుల్‌తో ఒక మామూలు కీబోర్డు తగిలించుకోగలిగితే ఇంకా హాయి. ఫోన్‌లో విమ్ నేర్చుకుంటే తక్కువ చదువేం కాదు, రేపు ఏ పెద్ద సర్వర్‌లో కూర్చున్నా అవే కీలు.

తర్వాత టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని ఒకే పదంగా ఇంగ్లీషులో కొట్టండి. విమ్‌తో పాటే వచ్చే పాఠం అది, అరగంటలో అయిపోతుంది. చదివే పాఠమూ అదే, దిద్దే ఫైలూ అదే. మీ ముందు తెరుచుకునేది అసలు ఫైల్‌కి కాపీ మాత్రమే కాబట్టి ఎంత చెడగొట్టినా ఇంకోసారి తెరిస్తే మళ్లీ కొత్తగా ఉంటుంది. వీడియోలు గంటలు గంటలు చూడటం కంటే రోజూ ఒకసారి ఈ పాఠం మొదటి నుంచి చివరిదాకా చేయడం మేలని నా గట్టి నమ్మకం. రెండు మూడు రోజులు వరుసగా చేస్తే, నాలుగో రోజుకి చదవకుండానే వేళ్లు వెళ్లిపోతుంటాయి.

ఎస్కేప్ అలవాటు ముందు, కమాండ్లు తర్వాత

విమ్ తెరవగానే టైప్ చేస్తే అక్షరాలు పడవు. ఎందుకంటే అది నార్మల్ మోడ్‌లో ఉంటుంది, అక్కడ ప్రతి కీ ఒక ఆదేశం. ఐ నొక్కితే ఇన్సర్ట్ మోడ్ వస్తుంది, కింద ఎడమ మూలన ఇన్సర్ట్ అని కనిపిస్తుంది, అప్పుడు మామూలుగా టైప్ చేయొచ్చు. అయిపోగానే ఎస్కేప్. బండి ఆపగానే గేర్ న్యూట్రల్‌లోకి తెచ్చినట్టు, టైపింగ్ ఆపిన ప్రతిసారీ ఎస్కేప్ కొట్టి నార్మల్‌కి రావాలి. కొత్తవాళ్లు చేసే పని దీనికి తలకిందులు: ఫైల్ తెరవగానే ఐ కొట్టి, పని మొత్తం ఇన్సర్ట్‌లోనే చేసి, చివర్లో ఒక్కసారి ఎస్కేప్ కొడతారు. అలా చేస్తే విమ్ వాడినట్టే కాదు, నోట్‌ప్యాడ్‌ని కష్టపడి వాడినట్టు.

ఎస్కేప్ దూరంగా ఉందనిపిస్తే కంట్రోల్ పట్టుకుని ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కండి, టెర్మినల్‌కి రెండూ ఒకటే. అసలు ఎస్కేప్ అంత దూరంగా పెట్టాలని, విమ్‌కి ముందు తరం ఎడిటర్ అయిన వీఐ రాసినాయన అనుకోలేదు. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ అనే టెర్మినల్‌లో ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట ఎస్కేప్ ఉండేది. బాణం గుర్తులు కూడా విడిగా లేవు, హెచ్, జే, కే, ఎల్ కీల మీదే ముద్రించి ఉండేవి. హెచ్ ఎడమకు, జే కిందికి, కే పైకి, ఎల్ కుడికి వెళ్లడం అక్కడి నుంచి వచ్చింది. అప్పుడు ఆయన వాడిన మోడెమ్ వేగం 300 బాడ్, అంటే సెకనుకు 30 అక్షరాల చొప్పున తెర మీద పడేవి. తక్కువ కీలు కొట్టి ఎక్కువ పని చేయాలన్న పట్టుదల ఆ నెమ్మదిలోంచి పుట్టింది. అమ్రాబాద్ వైపు అడవిలో సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు సర్వర్‌లో పనిచేసి చూస్తే, ఆ తెలివి ఈరోజుకీ ఎందుకు పనికొస్తుందో అర్థమవుతుంది.

ఇన్సర్ట్‌లోకి వెళ్లడానికి ఐ ఒక్కటే కాదు. ఏ నొక్కితే కర్సర్ తర్వాత నుంచి, క్యాపిటల్ ఏ నొక్కితే లైన్ చివర నుంచి, క్యాపిటల్ ఐ అయితే లైన్ మొదట్లో, ఓ నొక్కితే కింద కొత్త లైన్‌లో, క్యాపిటల్ ఓ అయితే పైన కొత్త లైన్‌లో టైప్ చేయొచ్చు. వీటిలో క్యాపిటల్ ఏ, ఓ ముందు నేర్చుకోండి, రోజులో ఎక్కువసార్లు వచ్చే పని అదే.

కదలికలు

హెచ్, జే, కే, ఎల్ మాత్రమే వాడాలి, బాణం కీలు ముట్టుకోకూడదు అని కొందరు కఠినంగా చెబుతారు. నేను ఒప్పుకోను. మొదట్లో బాణాలు వాడండి, ఏం కాదు. జేని ఇరవైసార్లు నొక్కడం, కింది బాణాన్ని ఇరవైసార్లు నొక్కడం రెండూ ఒకే రకం ఆలస్యం. అలవాటు చేసుకోవాల్సింది పెద్ద అడుగులు.

డబ్ల్యూ తర్వాతి పదం మొదటికి, బీ వెనక పదం మొదటికి, ఈ అనే కీ పదం చివరికి. సున్నా లైన్ మొదటికి, డాలర్ గుర్తు లైన్ చివరికి. జీ జీ ఫైల్ మొదటికి, క్యాపిటల్ జీ ఫైల్ చివరికి. 45 కొట్టి క్యాపిటల్ జీ నొక్కితే 45వ లైన్‌కి. ప్రోగ్రామ్ రన్ చేసినప్పుడు ఫలానా లైన్‌లో ఎర్రర్ అని చూపిస్తుంది కదా, అక్కడికి ఒక్క దెబ్బలో పోయేది ఇలాగే.

వీటన్నిటికంటే విలువైనది ఎఫ్. ఎఫ్ నొక్కి, ఏ అక్షరం దగ్గరికి పోవాలో ఆ అక్షరం నొక్కండి, ఆ లైన్‌లో ముందున్న ఆ అక్షరం మీదికి కర్సర్ దూకుతుంది. అదే అక్షరం ఇంకోటి కావాలంటే సెమికోలన్. ఎఫ్ బదులు టీ నొక్కితే ఆ అక్షరానికి ఒక్క అడుగు ముందు ఆగుతుంది. ఈ తేడా ఇప్పుడు చిన్నగా అనిపిస్తుంది, కాసేపట్లో చాలా పెద్దదవుతుంది.

ఇంకోటి స్లాష్. స్లాష్ నొక్కి పదం కొట్టి ఎంటర్ నొక్కితే ఆ పదం దగ్గరికి వెళ్తారు, ఎన్ నొక్కితే తర్వాతిది, క్యాపిటల్ ఎన్ అయితే వెనకది. పెద్ద ఫైల్‌లో నేను ఎక్కువగా తిరిగేది దీంతోనే.

పనీ, దూరమూ

ఇక అసలు విషయం. డీ అంటే తీసేయడం, సీ అంటే తీసేసి కొత్తది రాయడం, వై అంటే కాపీ చేసుకోవడం, కుడివైపు చూసే కోణం గుర్తు (గ్రేటర్ దాన్) అంటే లైన్లను లోపలికి జరపడం. ఈ నాలుగూ వాటంతట అవి ఏమీ చేయవు, ఎంత దూరం అని అడుగుతూ ఆగుతాయి. పైన చెప్పిన కదలికల్లో ఏది చెబితే అంత దూరం చేస్తాయి. డీ డబ్ల్యూ అంటే తర్వాతి పదం దాకా తీసేయి. డీ డాలర్ అంటే లైన్ చివరిదాకా. డీ క్యాపిటల్ జీ అంటే ఇక్కడి నుంచి ఫైల్ ఆఖరిదాకా. వై జీ జీ అంటే ఫైల్ మొదటి నుంచి ఇక్కడిదాకా కాపీ. సీ టీ కామా అంటే కామా వచ్చేదాకా ఉన్నది తీసేసి కొత్తది రాయనివ్వు. నాలుగు పనులు, పది కదలికలు నేర్చుకుంటే చేతిలో 40 కమాండ్లు ఉన్నట్టు, గుర్తుపెట్టుకున్నవి మాత్రం 14. ఎక్కడో కొత్త కదలిక ఇంకొకటి నేర్చుకున్నారనుకోండి, అదే రోజు అది నాలుగు పనులతోనూ కలుస్తుంది.

పని అక్షరాన్ని రెండుసార్లు నొక్కితే మొత్తం లైన్ అని అర్థం. డీ డీ లైన్ తీసేస్తుంది, వై వై లైన్ కాపీ చేస్తుంది, మూడు డీ డీ అంటే మూడు లైన్లు పోతాయి. తీసేసినది ఎక్కడికీ పోదు, పీ నొక్కితే కింద అతుకుతుంది, క్యాపిటల్ పీ అయితే పైన. అందుకే డీ డీ పీ అని వరుసగా కొడితే పక్కపక్కన ఉన్న రెండు లైన్లు తారుమారవుతాయి.

కర్సర్ పదం మధ్యలో ఉన్నా ఆ పదం మొత్తాన్ని పట్టుకోవాలంటే పని అక్షరం తర్వాత ఐ డబ్ల్యూ. సీ ఐ డబ్ల్యూ అంటే ఈ పదం తీసేసి వేరేది రాయి. సీ ఐ డబుల్ కోట్ అంటే కోట్స్ మధ్య ఉన్నదంతా తీసేసి కొత్తది రాయి. సర్వర్ సెట్టింగుల ఫైల్‌లో పాస్‌వర్డో పోర్ట్ నంబరో కోట్స్ మధ్య ఉంటుంది కదా, మూడే కీలు, పొరపాటున కోట్ కూడా చెరిగిపోయే భయం లేదు. డీ ఐ బ్రాకెట్ అంటే బ్రాకెట్ల లోపలిది ఖాళీ. డీ ఏ పీ అంటే పేరా మొత్తం పోతుంది. ప్రోగ్రాం రాసేవాళ్లకి ఇవి ఉప్పులాంటివని కాదు, ఇవి లేకుండా విమ్ వాడటంలో అర్థమే లేదు.

ఏదైనా తప్పు జరిగితే యూ. ఇంకా వెనక్కి పోవాలంటే మళ్లీ యూ. ఎక్కువ వెనక్కి పోతే కంట్రోల్ ఆర్ ముందుకు తెస్తుంది. చాలాసేపు అడ్డదిడ్డంగా మార్చేసి, పది నిమిషాల కింద ఉన్నట్టే కావాలనిపిస్తే కోలన్ కొట్టి ఎర్లియర్ 10ఎం అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఎర్లియర్ ఇంగ్లీషు స్పెల్లింగుతో, 10కీ ఎంకీ మధ్య ఖాళీ లేకుండా. నిజంగానే పది నిమిషాల కిందటి ఫైల్ కళ్ల ముందుకొస్తుంది.

అడ్రస్ ఫైల్ మీద ఒక అభ్యాసం

ఇప్పుడు చెప్పేది మన జిల్లాలోనే అవసరమైన పని, అందుకే దీన్ని తీసుకున్నాను. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. పాత నల్గొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి, పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. పాత అడ్రస్ జాబితాల్లో మాత్రం కోదాడ ఇంకా నల్గొండ జిల్లాలోనే ఉంటుంది, మక్తల్ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంటుంది. ఒక ఫైల్ తెరిచి ఇలాంటి పది పదిహేను లైన్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి, పేరు, కామా, ఊరు, కామా, జిల్లా అనే వరుసలో:

నర్సింహ, కోదాడ, నల్గొండ
యాదమ్మ, చండూరు, నల్గొండ
వెంకటయ్య, హుజూర్‌నగర్, నల్గొండ
లక్ష్మమ్మ, చౌటుప్పల్, నల్గొండ
బాలస్వామి, జడ్చర్ల, మహబూబ్‌నగర్
అంజమ్మ, గద్వాల, మహబూబ్‌నగర్

ముందు సూర్యాపేట ఊళ్లు సరిచేద్దాం. జీ జీ కొట్టి పైకి రండి. స్లాష్ నొక్కి నల్గొండ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్. మొదటి నల్గొండ మీద, సరిగ్గా మొదటి అక్షరం మీద కర్సర్ నిలుస్తుంది, లైన్ చూస్తే కోదాడ. సీ డబ్ల్యూ కొట్టండి, నల్గొండ మాయమై ఇన్సర్ట్ వస్తుంది, సూర్యాపేట టైప్ చేయండి, ఎస్కేప్. ఎన్ నొక్కండి, తర్వాతి నల్గొండ దగ్గరికి వెళ్తుంది. ఊరు చూడండి, చండూరు, అది నల్గొండలోనే ఉంది, ముట్టుకోకండి. మళ్లీ ఎన్. హుజూర్‌నగర్, సూర్యాపేట జిల్లా. ఇప్పుడు మళ్లీ సీ డబ్ల్యూ కొట్టనక్కర్లేదు, మళ్లీ సూర్యాపేట టైప్ చేయనక్కర్లేదు. చుక్క నొక్కండి, ఫుల్‌స్టాప్ కీ, అంతే. ఇందాక చేసిన మార్పు మొత్తం, తీసేయడం, రాయడం, ఎస్కేప్ అన్నీ కలిపి ఇంకోసారి జరుగుతుంది. ఎన్, చూడు, కావాలంటే చుక్క, వద్దంటే మళ్లీ ఎన్. రెండు వేళ్లతో వంద లైన్లు దాటొచ్చు. ఫైల్ చివరికి చేరాక పై నుంచి మళ్లీ మొదలైందని కింద ఒక సందేశం పడుతుంది, అది కనిపిస్తే ఒక చుట్టు పూర్తయినట్టు.

ఈ ఎన్, చుక్క జంటను ఒక సాయంత్రం కూర్చుని చేతికి ఎక్కించుకోండి. విమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే మార్చాలా వద్దా అన్న నిర్ణయం ప్రతి లైన్ దగ్గరా మీ చేతిలోనే ఉంటుంది, కష్టం మాత్రం ఒక్కసారే.

ఊరు పేరును బట్టి ఒక్కసారిగా మార్చాలంటే వేరే దారి ఉంది. కోలన్, జీ, స్లాష్, కోదాడ, స్లాష్, ఎస్, స్లాష్, నల్గొండ, స్లాష్, సూర్యాపేట, స్లాష్, ఎంటర్, మధ్యలో ఖాళీలు లేకుండా. కోదాడ ఉన్న ప్రతి లైన్‌లో మాత్రమే నల్గొండను సూర్యాపేట చేయమని అర్థం. వెయ్యి లైన్ల ఫైల్ అయినా కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఫైల్ మొత్తం మీద ఒక పదం మార్చాలంటే కోలన్, శాతం గుర్తు, ఎస్, స్లాష్, పాత పదం, స్లాష్, కొత్త పదం, స్లాష్, జీ, సీ. చివర్లో జీ అంటే ఒకే లైన్‌లో ఎన్నిసార్లు ఉన్నా అన్నీ, సీ అంటే ప్రతిదానికీ నన్ను అడుగు అని. అడిగినప్పుడు వై అంటే మార్చు, ఎన్ అంటే వదిలేయి, ఏ అంటే మిగతావన్నీ మార్చేయి, క్యూ అంటే చాలు ఆపు. అడ్రస్‌ల విషయంలో ఆ సీ లేకుండా చేయకండి. నల్గొండ పట్టణం పేరు కూడా ఊరి స్థానంలో ఉంటుంది, అది కూడా సూర్యాపేట అయిపోతే ఉత్తరం ఎక్కడికో పోతుంది.

మహబూబ్‌నగర్ స్పెల్లింగు ఇంకో తలనొప్పి. కొందరు హెచ్ తర్వాత ఏ పెడతారు, కొందరు పెట్టరు. రెండిటినీ ఒకేసారి వెతకాలంటే ఆ ఏ తర్వాత బ్యాక్‌స్లాష్, ప్రశ్నార్థకం పెట్టండి, అంటే ఈ అక్షరం ఉన్నా సరే లేకపోయినా సరే అని. వెతుకులాటలో చిన్న, పెద్ద అక్షరాల తేడా పట్టించుకోవద్దంటే పదం చివర బ్యాక్‌స్లాష్, సీ.

ఊరి పేర్లే తప్పుగా ఉంటే, ఆ లైన్‌లో ఊరి మొదటి అక్షరం దగ్గరికి వచ్చి సీ టీ కామా. టీ ఒక్క అడుగు ముందు ఆగుతుందన్నాను కదా, అందుకే కామా చెక్కుచెదరకుండా ఉంటుంది, ఊరు మాత్రం మారుతుంది.

ఇదే ఫైల్ మీద మాక్రో, అంటే నొక్కిన కీలను రికార్డు చేసి మళ్లీ మళ్లీ నడిపించడం, కూడా చేసి చూడొచ్చు. ప్రతి లైన్‌కి రెండు వైపులా డబుల్ కోట్ పెట్టాలనుకోండి. మొదటి లైన్‌లో క్యూ ఏ నొక్కండి, రికార్డింగ్ మొదలవుతుంది. క్యాపిటల్ ఐ, కోట్, ఎస్కేప్, క్యాపిటల్ ఏ, కోట్, ఎస్కేప్, జే, క్యూ. రికార్డింగ్ ఆగింది, కర్సర్ కింది లైన్‌లో ఉంది. ఇప్పుడు 20, ఎట్ గుర్తు, ఏ. ఇరవై లైన్లకు అదే పని జరుగుతుంది, లైన్లు అంతకంటే తక్కువ ఉంటే చివరి లైన్ దగ్గర తనంతట తానే ఆగుతుంది. చివర జే పెట్టడం మర్చిపోతే మాత్రం అదే లైన్‌కి రెండు వైపులా ఇంకో ఇరవై చొప్పున కోట్‌లు పడతాయి.

ఇరుక్కునే చోట్లు

ఉన్నట్టుండి తెర గడ్డకట్టి ఏ కీకీ పలకకపోతే, అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టి ఉంటారు. అది సేవ్ కాదు, చాలా టెర్మినళ్లలో తెరను ఆపేసే కీ. కంట్రోల్ క్యూ నొక్కండి, కదులుతుంది. కంట్రోల్ జెడ్ కొడితే విమ్ మాయమై మామూలు టెర్మినల్ వస్తుంది, అది మూతపడలేదు, వెనక ఆగి ఉంది, ఎఫ్‌జీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఉన్నచోటికే తిరిగొస్తుంది.

కిందికి పోదామని జే నొక్కితే లైన్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయంటే క్యాప్స్ లాక్ పడింది, ఎందుకంటే క్యాపిటల్ జే అంటే లైన్లు కలపడం. క్యాప్స్ తీసి యూ కొట్టండి. కింద రికార్డింగ్ అని కనిపిస్తుంటే పొరపాటున క్యూ నొక్కారు, ఇంకోసారి క్యూ నొక్కితే ఆగుతుంది. కోలన్ క్యూ అనబోయి క్యూ కోలన్ అన్నారనుకోండి, కింద చిన్న కిటికీలో పాత కమాండ్లన్నీ కనిపిస్తాయి, కంగారు లేదు, అక్కడే కోలన్, క్యూ, ఎంటర్ కొడితే పోతుంది.

తెలుగు టైప్ చేసేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు నార్మల్ మోడ్‌లో డీ డీ కొడితే విమ్‌కి చేరేది తెలుగు అక్షరాలు, దానికి అవి అర్థం కావు. అందుకే ఎస్కేప్‌తో పాటే కీబోర్డును ఇంగ్లీషుకి మార్చుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. పైగా చాలా టెర్మినళ్లలో మన ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కుదురుకోవు, కర్సర్ ఒకచోట కనిపిస్తుంది, మార్పు ఇంకోచోట జరుగుతుంది. పొడుగు తెలుగు వ్యాసాలు వేరే ఎడిటర్‌లో రాసుకోండి, ప్రోగ్రాములు, సెట్టింగులు, జాబితాలు విమ్‌లో చేయండి.

ఇక కరెంటు. వానాకాలంలో గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు కరెంటు పోతుంది, డెస్క్‌టాప్ మీద పనిచేసేవాళ్ల గుండె గుభేల్‌మంటుంది. విమ్ ఈ విషయంలో నమ్మకస్తురాలు. మీరు టైప్ చేస్తుంటే 200 అక్షరాలకొకసారి, లేదా నాలుగు సెకన్లు చేయి ఆపగానే, పక్కనే ఒక స్వాప్ ఫైల్‌లో మార్పులు రాసుకుంటూ ఉంటుంది. కరెంటు వచ్చాక అదే ఫైల్ తెరిస్తే అటెన్షన్ అని పెద్ద సందేశం వస్తుంది. చాలామంది భయపడి ఏదో ఒకటి నొక్కేస్తారు. ఆగి చదవండి. ఆ ఫైల్‌ని ఇంకో కిటికీలో మీరే తెరిచి ఉంచలేదని ఖాయం చేసుకుని ఆర్ నొక్కండి, రికవర్ అవుతుంది. చూసుకుని సేవ్ చేసి, బయటికి వచ్చి, మళ్లీ తెరవండి. ఆ సందేశం మళ్లీ వస్తుంది, ఈసారి డీ నొక్కి పాత స్వాప్ ఫైల్‌ని తీసేయండి. వరస మారకూడదు, ముందే డీ నొక్కితే సేవ్ కాని పని పోయినట్టే. బస్సులో వస్తూ సర్వర్‌లో పనిచేస్తుంటే సిగ్నల్ తెగిపోయినా ఇదే పద్ధతి.

రోజువారీ

మొదటి వారం బయటికి రావడం, సేవ్ చేయడం, యూ, ఐ, ఓ, ఎస్కేప్ మాత్రమే. రెండో వారం డబ్ల్యూ, బీ, ఎఫ్, స్లాష్, ఎన్. తర్వాత డీ, సీ, వై వాటితో కలపడం, ఆ తర్వాత ఐ డబ్ల్యూ, చుక్క. మాక్రోలకు తొందరేం లేదు. కొత్తది ఒకటి నేర్చుకున్న రోజు ఆ పనిని పాత పద్ధతిలో చేయనని గట్టిగా అనుకోండి, ఆ ఒక్క రోజు నెమ్మదిగా సాగినా పర్వాలేదు. అభ్యాసం కోసం ప్రత్యేకంగా ఆటలు వెతుక్కోనక్కర్లేదు. కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాములు, రికార్డుకు రాసుకునే నోట్సు, ఇంటి ఖర్చుల లెక్క, మిర్యాలగూడ మిల్లుకు పోసిన వడ్ల బస్తాల లెక్క, ఏదైనా సరే, మీకు నిజంగా అవసరమైన ఫైల్ మీద చేయండి. తప్పు జరిగితే బాధ కలిగే ఫైల్ మీదే వేళ్లు త్వరగా నేర్చుకుంటాయి, ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి అంతే.

సెట్టింగుల ఫైల్ విమ్ఆర్‌సీలో మొదట్లో సెట్ నంబర్, సెట్ రిలేటివ్ నంబర్ అనే రెండు లైన్లు చాలు, రిలేటివ్ నంబర్ అని ఒకే పదంగా ఇంగ్లీషులో రాయాలి. రెండోది ఉంటే ప్రతి లైన్ పక్కన మీ నుంచి అది ఎన్ని లైన్ల దూరమో కనిపిస్తుంది, చూసి ఏడు జే అనో, నాలుగు డీ డీ అనో తడుముకోకుండా కొట్టేయొచ్చు. ఎవరిదో మూడు వందల లైన్ల సెట్టింగు దించుకుని పెట్టుకోకండి. అందులో వాళ్లు మార్చుకున్న కీలు ఉంటాయి, రేపు ఖాళీ సర్వర్‌లో కూర్చుంటే అవి పనిచేయవు, మీరు నేర్చుకున్నది తప్పనిపిస్తుంది.

విమ్‌ని ఫైల్ పేరు లేకుండా ఊరికే తెరిస్తే చాలాసార్లు మధ్యలో ఉగాండా పిల్లలకు సాయం చేయమని ఒక లైన్ కనిపిస్తుంది, అది ప్రకటన కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ని మొదటిసారి విడుదల చేశారు, 2023 ఆగస్టు 3న చనిపోయేదాకా దాన్ని చూసుకున్నారు. రూపాయి తీసుకోకుండా ఇచ్చి, ఇవ్వగలిగినవాళ్లు ఉగాండాలోని పిల్లల కోసం ఇవ్వండి అని మాత్రమే అడిగారు. కోలన్, హెల్ప్, ఖాళీ, ఉగాండా అని కొట్టి ఒకసారి చదవండి.

ఆ హెల్ప్ కమాండే మీకు చివరిదాకా తోడుండే మాస్టారు. ఏ కీ ఏం చేస్తుందో అనుమానం వస్తే కోలన్, హెల్ప్, ఖాళీ వదిలి ఆ కీ కొట్టండి, ఉదాహరణకు హెల్ప్ తర్వాత ఐడబ్ల్యూ. ఇన్సర్ట్ మోడ్‌లో కీ గురించైతే దాని ముందు ఐ, అండర్‌స్కోర్ చేర్చాలి. రంగు మారి కనిపించే పదం మీద కర్సర్ పెట్టి కంట్రోల్, కుడి చదరపు బ్రాకెట్ నొక్కితే దాని వివరానికి వెళ్తారు, కంట్రోల్ ఓ వెనక్కి తెస్తుంది, కోలన్ క్యూ హెల్ప్‌ను మూసి మిమ్మల్ని మీ ఫైల్ దగ్గర దింపుతుంది. దీనికి డేటా అక్కర్లేదు, నెట్ లేని చోట కూడా తెరుచుకుంటుంది.